ఎవరా సాక్షులు?

కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పేసి టైలరమ్మ వీధిలోకి బయల్దేరింది. అర్జీకి సంతకాల కోసం పదకొండు రోజులు ఇల్లిల్లూ తిరిగింది.

వార్డు ఆసుపత్రికి తాళం పడి ఎనిమిది నెలలు. నర్సు లేదు, మందుల్లేవు. ఇంట్లో చూస్తే చెల్లెలికి ఏడో నెల. కిందటిసారి పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే కాన్పయి బిడ్డ దక్కలేదు. ఈసారి అలా జరగనిచ్చేది లేదని ఆమె పంతం.

"సంతకం పెడితే కౌన్సిలర్ నా బండి ఎత్తించేస్తాడమ్మా," అని ఇస్త్రీ ఆయన నసిగాడు.

"ముందు నా మిషనే ఎత్తిస్తాడులే. మొదటి సంతకం నాదే, చూడు!"

ఆయన పెట్టాడు. ఆయన్ని చూసి వీధంతా పెట్టింది. ఒక ఇంట్లో అయితే మొగుడికి తెలియకుండా పెళ్ళాం, పెళ్ళానికి తెలియకుండా మొగుడు పెట్టారు.

అర్జీ తను రాస్తానని బాబాయి అన్నాడు. ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేసినవాడు. ఆఫీసు వ్యవహారాలు ఆయనకి కొట్టిన పిండి.

"విషయం ఒక కాగితం మీద, సంతకాలు వేరే కాగితాల మీద. పద్ధతంటే అదే తల్లీ. నేనే ఇచ్చొస్తాలే. నువ్వెళ్తే మూడు చెరువుల నీళ్ళు తాగిస్తారు."

నాన్న పోయాక ఆ ఇంటికి పెద్దదిక్కు ఆయనే. కట్ట ఆయన చేతిలో పెట్టి హమ్మయ్య అనుకుంది.

బహిరంగ విచారణ రోజు హాలు కిటకిటలాడిపోయింది. బాబాయి మాత్రం రాలేదు. మోకాళ్ళ నొప్పులట, పాపం.

పైనుంచి వచ్చిన ఆఫీసరు ఫైలు విప్పి చదివాడు. "ఆసుపత్రి రోజూ తెరుస్తున్నారు. నర్సు చక్కగా చూస్తోంది. మాకే ఇబ్బందీ లేదు. ఇట్లు, వార్డు ప్రజలు."

టైలరమ్మకి ఒళ్ళు మండిపోయింది. దిగ్గున లేచింది.

"పచ్చి అబద్ధం సార్! ఆ తాళం తుప్పు పట్టిపోయింది. కడుపుతో ఉన్న ఆడవాళ్ళ ఉసురు తగలదా వీళ్ళకి? ఎవరా సాక్షులు? ఏ మొహం పెట్టుకుని సంతకాలు చేశారు? చూపించండి!"

హాలంతా చప్పట్లు. ఇస్త్రీ ఆయన ఈల కూడా వేశాడు. కౌన్సిలర్ మాత్రం తాపీగా గోళ్ళు చూసుకుంటున్నాడు.

ఆఫీసరు ఆమెను దగ్గరికి పిలిచి ఫైలు ఆమె వైపు తిప్పాడు.

మూడు వందల పన్నెండు సంతకాల్లో మొదటిది తనదే, వాటి పైన కుట్టిన కాగితంలోని చేతిరాత బాబాయిది.