మంచి చర్మం

“పేరు పిలిస్తే నువ్వే పో, మే. నేను పక్కన రాను,” అన్నాడు జనార్దన్, రెండు కుర్చీల అవతలి నుంచి.

మునిలక్ష్మి తలూపింది. కుప్పంలోని పెద్దాసుపత్రి వరండా అది. నీళ్ల సీసా కూడా భార్య చేతికివ్వకుండా కుర్చీ మీద పెట్టి జరిపాడు జనార్దన్. ఎదురుగా కూర్చున్న ముసలామె చూసి “అయ్యో పాపం” అంది. అతను బీడీ తీసి అగ్గిపుల్ల గీశాడు. ఆ చప్పుడుకు మునిలక్ష్మి ఉలిక్కిపడింది. అసలే బెదిరిపోయి ఉన్న ప్రాణం. వాచ్‌మన్ కసిరితే అతను బీడీ జేబులో పెట్టుకున్నాడు.

తలుపు అవతలున్న రిపోర్టులో ఏం రాశారో? అది అంటురోగమా, కాదా? ఆ ఒక్క మాటతో ఆమె బతుకు అటో ఇటో తేలిపోతుంది. ఉన్న దేవుళ్లందరికీ మొక్కుకుంది.

రెండు నెలల కిందట, పుంగనూరు దగ్గర వాళ్ల పల్లెలో, నోట్లో పుండ్లతో మొదలైంది. తర్వాత వీపంతా నీటి బొబ్బలు. అత్త రాజమ్మ “అమ్మ పోసింది” అని గుమ్మానికి వేపమండ కట్టింది. మూడు వారాలైనా అమ్మ చల్లబడలేదు. ఊరి ఆర్‌ఎంపీ సూది వేయడానికి వచ్చి, వీపు చూసి, సంచీ మూసేసి “ఇది అంటురోగం మాదిరి ఉండాది” అని చెప్పి పోయాడు. తెలిసీ తెలియని వైద్యుడి మాటకే ఊళ్లో విలువెక్కువ. సాయంత్రానికల్లా ఆమె చాప, కంచం, చెంబు ఆవుల కొట్టంలోకి వెళ్లిపోయాయి. పాల కేంద్రం వాళ్లు క్యాను వెనక్కి పంపుతారన్న భయంతో ఆమెను పాలు పితకనివ్వలేదు. జనార్దన్ కొట్టం వైపు తొంగి చూడటం కూడా మానేశాడు. దుప్పటికి అంటుకుని చర్మం ఊడి వస్తున్నా, విచిత్రంగా అక్కడ ఆమెకు నిద్ర పట్టేది. పక్కన ఆవున్న ధైర్యం కాబోలు అనుకుంది రాజమ్మ.

మదనపల్లెలో చర్మం డాక్టరు బొబ్బ పక్కన వేలితో నెట్టి చూశాడు. పైపొర జారిపోయింది. ముక్క తీసి పరీక్ష చేస్తే తప్ప ఏమీ చెప్పలేమని కుప్పానికి రాసిచ్చాడు. పోయిన వారం ఇక్కడ డాక్టర్ వసుధ రెండు ముక్కలు తీసింది. ఒకటి బొబ్బలోంచి, ఇంకొకటి దాని పక్కన బాగున్న చోటు నుంచి.

“మంచి చర్మం యాల కోస్తాండారు మేడం?” అని ఆ రోజు జనార్దన్ తలుపు దగ్గర నిలబడే అడిగాడు.

“బొబ్బలో అంతా చెదిరిపోయి ఉంటుందప్పా. ఈ జబ్బు గుట్టు పక్కనున్న మంచి చర్మంలోనే దొరుకుతుంది,” అంది వసుధ. అంతలో ఆమె వేలు మునిలక్ష్మి మోచేతి పైన ఆగింది. “ఈ గుండ్రటి మచ్చలు ఈ జబ్బువి కావే? పాతవి.”

మునిలక్ష్మి నోరు తెరిచేలోపే జనార్దన్ నవ్వాడు. “పొయ్యి కాడ కాల్సుకుండాది మేడం. దానికి పనిలో కుదురు లేదు.”

“మునిలక్ష్మి!” వరండాలోకి తొంగి చూసి నర్సు కేక వేసింది.

లోపల వసుధ కూర్చోమంది. మునిలక్ష్మి కూర్చోలేదు. జనార్దన్ తలుపు పట్టుకుని ఆగిపోయాడు.

“దీన్ని పెంఫిగస్ అంటారమ్మా. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే సొంత చర్మాన్ని శత్రువనుకుని, పొరల మధ్య అతుకు ఊడగొడుతోంది. ఇంటి కుక్క ఇంటివాళ్లనే కరిచినట్టు. మందులు చాలా కాలం వాడాలి. మధ్యలో మానేస్తే ప్రాణం మీదికొస్తుంది.”

“వాడతానమ్మా. అంటుకుంటాదా?”

“ముందు మందుల సంగతి విను...”

“అది సెప్పండమ్మా ముందు. అంటుకుంటాదా?”

వసుధ నవ్వింది. “లేదు. ఒకే కంచంలో తిన్నా ఎవరికీ అంటదు.”

జనార్దన్ తలుపు వదిలి లోపలికొచ్చాడు. రెండు నెలల తర్వాత భార్య భుజం మీద చెయ్యి వేశాడు. “సూస్తివా మే! ఆ ఆర్‌ఎంపీ మాటిని ఊరికే బయపడితిమి. ఈపొద్దే నీ చాప ఇంట్లోకి తెచ్చేస్తా.”

మునిలక్ష్మి కట్టెలా బిగుసుకుపోయింది. బొబ్బలు నొప్పెట్టాయేమోనని వసుధ “మెల్లగా, మెల్లగా” అని అతన్ని వారించింది. అతను చీటీ తీసుకుని, ఈల వేసుకుంటూ మందుల షాపుకు బయలుదేరాడు.

మునిలక్ష్మి కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

“ఇంకా ఏడుపెందుకమ్మా? ఎంత నరకం పడ్డావో ఇన్నాళ్లూ! ఇంక నీకే భయమూ లేదు. మీ ఆయన దూరంగా ఉండాల్సిన పనే లేదు,” అంది వసుధ.

మునిలక్ష్మి తలుపు వైపు చూసింది. అతనింకా తిరిగి రాలేదు. గబుక్కున వంగి డాక్టరు రెండు చేతులూ పట్టుకుంది.

“ఆయప్పకు అంటుకుంటాదనే సెప్పండమ్మా!”