అతి దగ్గరి దారి

భూమ్మీద దూరాన ఉన్న దాదాపు ఏ రెండు నగరాల మధ్యనైనా అతి దగ్గరి దారి పటం మీద వంకరగానే కనిపిస్తుంది. ఈ మహాసత్యాన్ని మానవజాతికి చాటే భారాన్ని విధి, ఎవరినీ సంప్రదించకుండా, భూగోళం మాస్టారి భుజాన వేసింది.

"అదేంటి బాబాయిగారూ, విమానం సూటిగా పోకుండా అలా పైకెక్కి చుట్టు తిరుగుతోందేం?" విమానాశ్రయంలోని పళ్లరసాల కౌంటర్ అమ్మాయి ఆయన ఫోన్‌లోకి తొంగి చూసింది. నీలి సముద్రం మీద చీమంత విమానం.

మాస్టారి కళ్లు వెలిగాయి. జేబులోంచి దారపుండ తీశారు. కౌంటర్ మీది బత్తాయి అందుకుని, రెండు చోట్ల గోటితో గాటు పెట్టి, మధ్య దారం బిగించారు.

"పటం బల్లపరుపు తల్లీ, భూమి గుండ్రం. ఇలా పోతే ఎనిమిది వేల కిలోమీటర్లు, పది గంటలు. నువ్వన్నట్టు పోతే ఇంకో గంట దండగ."

పొద్దున ఒక పెద్దమనిషికీ ఇదే పాఠం మొదలుపెట్టారు. ఆయన గడియారం చూసుకుని, సగంలోనే లేచి పరుగు తీశాడు. లోకంలో జ్ఞానానికి విలువ లేకుండా పోయిందని మాస్టారు నొచ్చుకున్నారు. మిగతా సగం పక్క కుర్చీలోని రెండేళ్ల పాపకు చెప్పి ముగించారు.

"అందులో మీవాళ్లున్నారా?"

"మా ఆవిడ ఉంది. అక్కడి టైము సాయంత్రం ఐదింటికి మా అమ్మాయి పెళ్లి, రిజిస్ట్రారు ఆఫీసులో. ఒక్కతే కూతురు. పక్కన మేం నిలబడి సాక్షి సంతకం పెట్టాలి."

"మరి మీరిక్కడ..."

"అయ్యో, ఎదురుగాలి!" తెర మీద చేరే సమయం నలభై నిమిషాలు ఆలస్యమైంది.

భూగోళాన్ని అరచేతిలో తిప్పగలిగిన మహానుభావుడు ఆ చీమను వెనక నుంచి ఒక్క తోపు తోయలేకపోయారు. కూర్చున్నారు. లేచారు. మళ్లీ కూర్చున్నారు.

"మీరు గుడ్లప్పగించి చూస్తే అది తొందరగా పోతుందా? కాస్త ఏమన్నా తాగండి."

"పోదమ్మా. చూడ్డం తప్ప నా చేతిలో ఏముంది?"

చీమ ఒడ్డు చేరింది. నేల మీద ఆగింది. తర్వాత ఎంతకో ఫోన్ మోగింది.

"అమ్మ వచ్చేసింది నాన్నా. ఇంకా టైముంది."

"ఎలా ఉంది?"

"మీ పేరెత్తితే చాలు, పళ్లు కొరుకుతోంది."

"పోనీలే తల్లీ. సంతకం తను పెడుతుంది. మీరు వేళకి వెళ్లండి." మాస్టారు ఫోన్ పెట్టేశారు.

"గండం గట్టెక్కిందిగా బాబాయిగారూ, ఇంకా ఆ మొహమేంటి?" అంది అమ్మాయి.

మాస్టారు దారం చుట్టి జేబులో పెట్టుకోబోయారు. వేళ్లకు తగిలిన బోర్డింగ్ పాసు ఆ విమానానిదే: అందులో ఆయన భార్యకీ, పొద్దున పరుగు తీసిన పెద్దమనిషికీ మధ్య ఖాళీగా వెళ్లిన సీటుది.