పాత డిస్కులోని పాటలు

“సాయంత్రం టీచరమ్మ వచ్చేలోగా ఆ పాటల పుస్తకం బయటికి తీశారా, మీ కుర్చీ మీది. లేదంటే రేపట్నుంచి ఇంటిపట్టున హాయిగా విశ్రాంతి తీసుకోండి పెద్దాయనా!” అన్నాడు ప్రెస్ ఓనరు. మనిషి చెడ్డవాడు కాడు గానీ, మొహమాటమనేది ఆయన ఇంటా వంటా లేదు.

ఇరవై రెండేళ్ళుగా ఆ ప్రెస్‌లో టైపు కొడుతున్న చెయ్యి పెద్దాయనది. మూడు నెలల కిందట కొత్త కంప్యూటరూ, దాంతోపాటు కొత్త ఆపరేటరమ్మాయీ వచ్చాక, “ఈ వయసులో కొత్తవి నాకబ్బవు” అంటూ ఓ మూల కూర్చుంటున్నాడు.

ఆపరేటరమ్మాయికి ప్రాణం చివుక్కుమంది. ఆయన కాళ్ళ కిందికి నీళ్ళు రావడానికి కారణం తనే కదా! “మీరు దిగులుపడకండి బాబాయ్‌గారూ. పాత డిస్కు పీకి ఇందులో తగిలించి చూస్తాను,” అంది.

పోయినవి చిన్నా చితకా కాగితాలు కావు. టీచరమ్మ రాసిన ముప్ఫై రెండు పిల్లల పాటలు. పదిసార్లు అచ్చయ్యాయి, పదిసార్లూ దిద్దింది పెద్దాయనే. అచ్చయినవన్నీ పిల్లల చేతుల్లో చిరిగిపోగా, ఆవిడ దగ్గర మిగిలిన ఒక్క కాపీ చెదల పాలైంది. ప్రెస్‌లో దాచింది వానకి తడిసి ముద్దయింది. ఇక మిగిలిందల్లా మూలపడ్డ కంప్యూటర్‌లోని ఆ డిస్కే.

పాత డిస్కు మూతి కొత్త కంప్యూటర్‌కి సరిపడలేదు. మధ్యలో అతుకు తీగ ఒకటి పెట్టి స్విచ్చి వేస్తే, టిక్కు టిక్కుమని మొరాయించి, చివరికి గుర్రుమంటూ తిరిగింది. ‘ఈ డిస్కు ఫార్మాట్ చెయ్యమంటారా?’ అని తెర మీద అడిగింది. “నీ దుంప తెగ, వద్దే!” అని ఆమె గభాల్న దాన్ని మూసేసి, ఇంకో దారిన వెతికి ఫైలు పట్టుకుంది. తెరిచింది.

తెర నిండా చుక్కలూ, గీతలూ, డాలరు గుర్తులూ.

“ఇదేం భాషమ్మా? కోడి గెలికినట్టుంది!” అన్నాడు ఓనరు వంగి చూసి.

“పాత ఫాంటండీ. అది ఉన్న చోటే డిస్కు పాడైంది. తయారుచేసినవాళ్ళు ఎప్పుడో దుకాణం కట్టేశారు.”

“అయితే అంతే సంగతులు!” అని ఓనరు చేతులు దులుపుకున్నాడు.

పెద్దాయన లేచాడు. బల్ల అంచు పట్టుకుని మెల్లగా వచ్చి తెర ముందు కూర్చున్నాడు. “అక్షరాలు బాగా పెద్దవి చెయ్యమ్మాయ్. ఇవన్నీ నా వేళ్ళు కొట్టిన గుర్తులే, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తాయి? నేను చదువుతా, నువ్వు కొట్టు.”

కిటికీ వెలుతురు నేరుగా తెర మీద పడుతున్నా ఆయన లెక్కచెయ్యలేదు, ముక్కు ఆనించేటంత దగ్గరగా జరిగాడు. అక్షరాలు పెద్దవి చేసేసరికి తెర మీద ఇక దేనికీ చోటు లేకపోయింది. ఆమె ఎదురు బల్ల మీదున్న ఇంకో కంప్యూటర్ దగ్గరికి వెళ్ళింది. ప్లగ్గుల బోర్డులో ఖాళీ లేదు. ఏడాదిగా పనిచెయ్యని పాత ప్రింటరుకి ఇంకా ప్లగ్గెందుకని, చిక్కుపడ్డ తీగల్లోంచి చేతికందిన దాన్ని పీకి తనది గుచ్చింది.

“కానివ్వండి బాబాయ్‌గారూ.”

“గొడుగూ గొడుగూ తడిశావా, నాకు బదులుగా తడిశావా... ఇక్కడ ప్రశ్న గుర్తు పెట్టు తల్లీ.”

ఆయన చదువుతూ పోయాడు. మధ్యమధ్య ఓ మీట నొక్కి, “పేజీ తిప్పాను” అనేవాడు. కొన్ని పాటలకి కూనిరాగం కూడా తీశాడు. ఆ చుక్కల గందరగోళంలోంచి గొడుగులూ, కుందేళ్ళూ, బడిగంటలూ ఒక్కొక్కటే నడిచొస్తుంటే ఆమెకి ఒళ్ళు పులకరించింది.

“పదిహేడో పాటలో ఒక పాదం తగ్గినట్టుంది. వదిలేశారేమో?” అని అడిగింది.

“వదల్లేదు. నాలుగో అచ్చులో టీచరమ్మే కొట్టేసింది, పిల్లలకి నోరు తిరగడం లేదని.”

సాయంత్రం టీచరమ్మ వచ్చింది. ఆపరేటరమ్మాయి అప్పుడే ప్రింటు తీసిచ్చిన కాగితాలు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగి, సన్నగా పాడి, కొంగుతో కళ్ళొత్తుకుంది. “ఒక్క కామా కూడా తప్పిపోలేదు నాయనా. నా పిల్లల్ని నాకు తెచ్చిచ్చారు!”

ఓనరు పట్టరాని సంతోషంతో పెద్దాయన భుజం తట్టాడు. “కుర్చీ మీదే! ఇంత చురుకైన కళ్ళు పెట్టుకుని మూల కూర్చుంటారేంటండీ? రేపట్నుంచి ప్రెస్‌లో ప్రూఫులన్నీ మీరే చూడాలి.”

పెద్దాయన ముఖం వాడిపోయింది. “ప్రూఫులా... అంటే...” అని నీళ్ళు నమిలాడు.

కంప్యూటర్ కట్టెయ్యడానికి అప్పుడే బల్ల చుట్టూ తిరిగి ఆయన వెనక్కి వచ్చిన ఆపరేటరమ్మాయి, ఉన్నచోటే నిలబడిపోయింది. తెర మీంచి చూపు తిప్పి ఓనరు వైపు తిరిగింది.

“ప్రూఫు ఒక్కరే చూస్తే తప్పులు దొర్లుతాయి ఓనరుగారూ. ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు విని తప్పు పట్టాలి. చదవడం నేను చదువుతాను. వినడం మాత్రం బాబాయ్‌గారే వినాలి.”

“మీ ఇద్దరూ ఎలా చూసుకుంటారో మీ ఇష్టం,” అంటూ ఓనరు టీచరమ్మని సాగనంపడానికి వెళ్ళాడు.

పెద్దాయన మళ్ళీ తెర వైపు తిరిగాడు. “ఆఖరి పేజీ ఇంకా తెరిచే ఉంది తల్లీ. మూసెయ్యనా?”

“నేను మూస్తాలెండి బాబాయ్‌గారూ,” అంటూ ఆమె వంగి, మొదటి పాటకి ముందు, ప్రింటరుదనుకుని తన చేత్తో తనే పీకేసిన ఆయన తెర ప్లగ్గుని చప్పుడు కాకుండా మళ్ళీ గుచ్చింది.