ముడి విప్పని డబ్బాలు

“ఈడనే కూచో బిడ్డా, పేరు పిలువంగనే రా” అని మలేరియా సూపర్‌వైజర్ జయప్రకాశ్ ఉషారాణిని దవాఖానా స్టోరు గదిలో కూర్చోబెట్టాడు.

బయట సన్మాన సభలో మైకు ఆమెనే పొగుడుతోంది. ఇంటర్‌లో మండలానికే ఫస్టు వచ్చిందట. సెలవులంతా తండాలు తిరిగి, జ్వరమొచ్చినవాళ్ల రక్తం చుక్కలు గాజు స్లైడ్ల మీద పట్టి, వాగు దాటి తెచ్చిచ్చిందట.

ఆ స్లైడ్ల డబ్బాలు బీరువా పక్కనే కనబడ్డాయి. అన్నిటికీ తను కట్టిన ఎర్రదారమే. ఒక్క ముడీ విప్పలేదు.

“సార్, ఇవి పరీక్ష చెయ్యలేదా?”

“చేసెటోడు ఏడున్నడమ్మా? ల్యాబ్ పోస్టు ఆర్నెల్ల సంది ఖాళీ. అందరికీ మలేరియా లేదని రాసి పంపినం. నీ అవార్డు యాడికీ పోదులే.”

“మా పూలి పెద్దమ్మకు గూడ గట్లనే రాసిన్రా? రిపోర్టు చూసి, ఏం లేదు భయపడకని నేనే చెప్పిన సార్. ఐదో రోజు సచ్చిపోయింది.”

“గదంతా ఇప్పుడెందుకు? జల్దీ రా, పిలుస్తున్రు.”

ఆయన చేతిలోని శాలువా అత్తరు వాసన గుప్పుమంది. ఉషారాణి డబ్బాల వైపు తిరిగింది. పూలి పెద్దమ్మ స్లైడున్న డబ్బా చంకన పెట్టుకుని వేదికెక్కింది. శాలువా కప్పబోతే పక్కకు తప్పుకుని, దారం తెంపి, పై స్లైడు చీటీని మైకులో చదివింది.

“పూలి. యాభై ఏండ్లు. జొరం.”

ముందు వరుస కుర్చీలవాళ్లు ఆ పేరుకూ చప్పట్లు కొట్టారు.

వెనక నేల మీద కూర్చున్న తండావాళ్లు లేచి నిలబడ్డారు.

ఆమె రెండో స్లైడు తీసింది.