ఈక గాలం

గాలం వచ్చి నాగయ్య తువ్వాలుకు తగులుకుంది.

అప్పటికి అతడు నల్లవాగు ప్రాజెక్టు నీళ్లలో నడుం లోతుకు దిగి ఉన్నాడు. ఎందుకు దిగాడో అతడికే సరిగ్గా తెలియదు.

"జరంత బయటికి రా బిడ్డా, గాలం తీస్త" ఒడ్డు మీంచి ఒక ముసలాయన పిలిచాడు.

నాగయ్య విసుక్కుంటూ ఒడ్డుకొచ్చాడు. "మనిషి కనబడ్తలేడా? నీళ్లల్లకు ఇసురుడు పోయి నా మీదికి ఇసురుతవేంది?"

"చూపు ఆన్తలేదు" అన్నాడు ముసలాయన, గాలాన్ని నిదానంగా తప్పిస్తూ.

ఆ గాలానికి ఎర లేదు. కోడి ఈక ముక్కను దారంతో చుట్టి ఉంది, అచ్చం ఈగలాగే.

"గిదేంది?"

"ఈగ అనుకొని చేప ఎగిరి పట్టుకుంటది. మిషన్ దవాఖానల వాచ్‌మన్‌గ ఉన్నప్పుడు తెల్లదొర డాక్టర్ నేర్పిండు. నా పేరు అహరోను. నేర్చుకుంటవా?"

నాగయ్యకు వేరే పనేముంది గనక!

అది 1983. ఎనిమిది నెలల కింద కల్హేర్ దగ్గర అతడి లారీకి బ్రేకులు పడక ఒక ఆడమనిషి చనిపోయింది. లారీ చెట్టుకు గుద్దుకుని నాగయ్య కాలు విరిగింది. అతడు దవాఖానలో ఉండగానే, డ్రైవర్ తప్పు లేదని ఎవరో చెప్పారట, కేసు కొట్టేశారు. చనిపోయినామె పేరేమిటని అడిగే ధైర్యం కూడా అతడికి లేకపోయింది.

కాలు అతుక్కుంది. కానీ స్టీరింగ్ పట్టుకుంటే కుడిచెయ్యి వణికేది.

సిర్గాపూర్‌లో ఒంటిగది ఇల్లు. అందులోనే పడి ఉండేవాడు. భార్య భీమమ్మ కూలికి పోతూ తలుపు తీసిపెడితే, లేచి మళ్లీ మూసేవాడు.

అహరోను ప్రతి బేస్తవారం వచ్చేవాడు.

"చెయ్యంత ఊపకు, మణికట్టు చాలు. తాడు ఎనకకు పోయి సాఫ్ అయ్యేదాంక ఆగు. ఆగినవా? ఇగ ముందట్కి!"

నాగయ్య ఆగలేకపోయేవాడు. తాడు మెడకు చుట్టుకునేది. తుమ్మకొమ్మల్లో చిక్కుకునేది.

ఒకరోజు గాలం కట్టిన వెదురు బొంగును విసిరికొట్టాడు.

"నాతోని కాదు. ఒక మనిషి పానం దీసిన చెయ్యి ఇది. నీకేమెరుక? బేఫికర్‌గ చేపలు పట్టుకుంట తిరిగెటోనివి!"

అహరోను లేచి వెళ్లి బొంగు తెచ్చి అతడి చేతిలో పెట్టాడు.

"చిక్కు తీసి మల్ల ఎయ్యి" అన్నాడు.

వానలు పడేముందు ఒక సాయంత్రం ఈక చప్పుడు లేకుండా నీళ్ల మీద వాలింది. వేలెడంత పరక చేప ఎగిరి అందుకుంది.

"పడ్డది! తాతా, పడ్డది!" నాగయ్య కేక పెట్టాడు.

అహరోను చేపను చూడలేదు, అతడి చెయ్యి చూశాడు.

"వణుకుతలేదు సూడు."

మరుసటి వారమే నాగయ్య లారీ ఎక్కాడు. నారాయణఖేడ్ గంజ్ నుంచి ఒకదాని వెనక ఒకటి జొన్నల లోడ్లు. ఎన్నో బేస్తవారాలు అలాగే పోయాయి.

చలికాలంలో ఒకనాడు తీరిక దొరికి ప్రాజెక్టు కట్ట మీదికి వెళ్లాడు. పొద్దుగూకేదాకా కూర్చున్నా అహరోను రాలేదు. ఆయనది కల్హేర్ అని అక్కడి జాలర్లు చెప్పారు.

మర్నాడు రెండు కొర్రమట్ట చేపలు మోదుగాకుల్లో చుట్టుకుని, ఇన్నాళ్లూ తప్పించుకు తిరిగిన కల్హేర్ తోవ పట్టాడు.

అహరోను ఇంటికి తాళం ఉంది. పక్కింటి రుక్కమ్మ బయటికొచ్చింది.

"అహరోను తాతనా? జెరమొచ్చి పోయి పది దినాలాయె. రా, సూపిస్త."

ఊరవతల పచ్చి మట్టి కుప్ప. దాన్ని ఆనుకుని, సున్నం వేసిన పాత సమాధి ఇంకొకటి.

"ఇదెవలది?" అడిగాడు నాగయ్య.

"ఆయ్న పెండ్లాం సారమ్మది. నిరుడు లారీ కింద పడి సచ్చిపోయింది" అంది రుక్కమ్మ. "డ్రైవర్ తప్పు లేదని ఠాణాల చెప్పింది ఈయ్ననే. సిర్గాపూర్ పిలగాడంట, పాపం ఎట్లున్నడో సూసొస్తనని బేస్తవారం బేస్తవారం కట్ట మీదికి పోతుండె."