మా గొంతుల వార్తలు

మా వీధి వార్తలు ఇప్పుడు మేమే చెబుతున్నాం. ప్రతి వంటింట్లోనూ ప్రజా రేడియో పెట్టె ఉంది. సాయంత్రం ఇంటికొకరు దానికి ఒక వార్త చెప్పాలి. మర్నాడు ఏడింటికి అవే మా గొంతులతో వినిపిస్తాయి. ఇరుగుపొరుగు మాట కాబట్టి అందరూ నమ్ముతారు.

నిన్న కుళాయి నీళ్లు మందు వాసన వేశాయి. బిందె అడుగున పచ్చటి పొర కట్టింది. "ఆ నీళ్లు తాగకండి" అని పెట్టెకు రెండుసార్లు చెప్పాను.

ఈరోజు ఏడింటికి నా గొంతు పలికింది. "నేను హైమవతిని. మా కుళాయి నీళ్లు బాగున్నాయి. నిశ్చింతగా తాగండి."

ఆ మాటలు నేను అనలేదు. పక్కింటికి పరుగెత్తాను. అక్కడ సుగుణ తన మనవరాలిని ఒళ్లో వేసుకుని పాలసీసా ఊపుతోంది.

"కుళాయి నీళ్లు కలిపావా? పట్టకు సుగుణా, అవి మంచివి కావు."

"భలేదానివి వదినా. వాసనొస్తోందని నిన్నంతా క్యాన్ నీళ్లే వాడా. నువ్వు బాగున్నాయన్నావనే ఇవి పోశా."

"అన్నది నేను కాదు."

"నీ గొంతు నాకు తెలీదా?"

లోపల వార్తలు ఇంకా సాగుతున్నాయి. ఈసారి సుగుణ గొంతు వినిపించింది. "మా పాప కుళాయి నీళ్లతో కలిపిన పాలు చక్కగా తాగింది."

సుగుణ నా వైపు చూసింది. సీసా ఇంకా పాప పెదవులకు తగలనేలేదు.