పోలికలు

“తలుపు వేసి రండి,” అన్నాడు పరిశీలకుడు గొంతు తగ్గించి.

రచయిత తలుపు వేసి వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. బల్ల మీద అతని రాతప్రతి ఉంది. ఎప్పుడో వందేళ్ళ కిందట ఒక దూరదేశాన్ని గడగడలాడించిన నియంత జీవితచరిత్ర. పుస్తకాల అనుమతి కార్యాలయంలో ఈ పరిశీలకుడు ముద్ర వేస్తే తప్ప అది అచ్చుకి వెళ్ళదు.

“బాగాలేదా సార్?”

“బాగుంది. అదే వచ్చిన తంటా. ఈ నియంత జుట్టుకి రంగేసుకుంటాడు. మంగలి కత్తికి భయపడి గడ్డం తనే గీసుకుంటాడు. రైళ్ళన్నీ అల్లుడి చేతిలో పెడతాడు. ఇదంతా చదివితే ఎవరు గుర్తొస్తారు?”

“ఎవరు సార్?”

“నన్నడుగుతారేంటండీ బాబూ!”

“ఒట్టు సార్, నాకు తట్టడం లేదు. పాత పుస్తకాలు తిరగేసి రాసుకున్నాను, అంతే.”

పరిశీలకుడు తల పట్టుకున్నాడు. “మన పెద్దాయనండీ! మనల్ని ఏలుతున్న పెద్దాయన! పేరొక్కటే తక్కువ, మిగతాదంతా అచ్చంగా ఆయనే.”

రచయిత గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. “అమ్మో! నాకిద్దరు ఆడపిల్లలు సార్.”

రూలు ప్రకారం ఇలాంటి రాతప్రతిని వెంటనే పైఅధికారులకు పంపాలి. పంపితే రచయిత ఇల్లు చేరడు. పంపకుండా దాచాడని తెలిస్తే పరిశీలకుడు చేరడు. కొన్నాళ్ళుగా అతనికి కంటి మీద కునుకు లేదు. చివరికి ఈ ఉదయం చొక్కా గుండీలు పెట్టుకుంటూ తేల్చుకున్నాడు. ఈ ఒక్కణ్ణయినా కాపాడాలి.

“పైకి పంపడం లేదు, భయపడకండి. పోలికలన్నీ తీసేద్దాం. ముందు ఆ అల్లుణ్ణి కొట్టేయండి.”

“అల్లుడు పోతే రైళ్ళెలా నడుస్తాయి సార్?”

“ఉన్నాడు కదా, ఇప్పుడు మాత్రం నడుస్తున్నాయా?”

ఇద్దరూ ఫక్కున నవ్వారు. ఆ గదిలో నవ్వు వినబడి ఎన్నాళ్ళయిందో!

“చేతులు వణుకుతున్నాయి సార్. మీరే గుర్తులు పెడుదురూ.”

పరిశీలకుడే పెన్సిలు అందుకున్నాడు. ‘ఇక్కడ మన పెద్దాయన పిరికితనం బయటపడుతోంది’, ‘ఈ అబద్ధం ఆయన రేడియోలో చెప్పిందే’ అంటూ పేజీల అంచుల్లో ఓపిగ్గా రాసుకుంటూ పోయాడు.

రచయిత కళ్ళు చెమర్చాయి. “మీ రుణం ఎలా తీర్చుకోను సార్? తోడబుట్టిన అన్న కూడా ఇంత చేయడు.”

పరిశీలకుడు పెన్సిలు కింద పెట్టాడు. ఈ కుర్చీలో కూర్చున్నాక శాపనార్థాలే తప్ప మంచిమాట విని ఎరగడు. ‘నలుగురి నోళ్ళూ నొక్కే ఉద్యోగం మీది, మీకు దణ్ణం పెట్టేవాడెవడు?’ అని భార్య దెప్పుతూనే ఉంటుంది. ఇవాళ ఇంటికి వెళ్ళగానే చెప్పాలి, ఒకడు పెట్టాడని.

“మేలు చేసింది నువ్వు తమ్ముడూ. నేనూ మనిషినేనని గుర్తుచేశావు,” అంటూ లేచి చెయ్యి చాచాడు.

రచయిత ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. వదల్లేదు. పరిశీలకుడి మణికట్టుకి చల్లగా ఏదో తగిలి, టక్కున బిగుసుకుంది.

“రెండో చెయ్యి కూడా ఇవ్వండి అన్నయ్యా.”